కుర్చీలు లేపినంక

చిక్కడపల్లి, హైదరాబాదు
జూన్ 1994

చి. స్నేహలతకు మీ బావ విఠల్ దీవించి రాయునది.

చిక్కడపల్లి ప్రజలందరికి, ముఖ్యంగ బరోడాల ఉంటున్న మా మరదలికి, ఇందుమూలముగ తెలియజేయునది ఏమనగా: మన వాకిట్ల నల్లకు కొత్త వాషర్ పడ్డది. నువ్వు ఇంటర్ చదివేటప్పటి సంది కారుతున్న నల్ల, ఇయ్యాల పొద్దుగాల మీ అక్క తులసికి నీళ్ళు పోస్తుంటె ఆగింది. గల్లీ అంత ఒక్కసారి సప్పుడు లేకుంట అయింది. పక్కింటి హైమవతమ్మ బయటికొచ్చి "ఏమైంది, ఎవరన్న పోయిండ్రా" అని అడిగింది. "నల్ల పోయింది, టెంటు వెయ్యాల్నా" అన్న. మీ అక్క గంటె తీస్కొని ఎంటబడ్డది.

ఇగ అసలు సంగతికొస్త. నీ ఉత్తరం ముట్టింది. మీ అక్క మిషన్ మీద జాకెట్ కుడుతుంటె నేను గట్టిగ సదివిన. కుర్చీల కంపెనీ నౌకరి ఇడిసిపెట్టిన, ఇగ బొమ్మలే వేస్త అని రాసినవ్ సూడు, ఆడికి రాంగనె మిషన్ ఆగింది. "మల్ల సదువు" అన్నది. సదివిన. "నీ యేషాలు నా కాడ కాదు. అండ్ల ఏమున్నదో అది సదువు" అన్నది. నా బతుకుల ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్తె గూడ నమ్మలే. చివరికి కాయితం గుంజుకొని తనే సూసుకున్నది.

సూసుకొని ఏమన్నదంటె, "ఇండ్లు గడ్తదని సదివిచ్చిన. కుర్చీలు చేస్తనన్నది. సరె, కుర్చి ఇంట్లనే ఉంటది గద అనుకున్న. ఇప్పుడు కుర్చి బొమ్మ వేస్తదా? ఇగ దాని పేరు నా కాడ ఎత్తకు. ఉత్తరాలొస్తె నువ్వే సదువుకో."

ఆమె తప్పు లేదు పిల్లా. మీ అమ్మ నాయిన పోయినంక నిన్ను సంకలేస్కొని ఈ ఇంటికి తెచ్చుకున్నది. మాకు పుట్టలేదు, నువ్వే మాకు. నీ ఆర్కిటెక్చర్ ఫీజులకు ఎంతమంది జాకెట్లు కుట్టిందో గా మిషన్‌కే ఎరుక. అశోక్‌నగర్ దిక్కు పోతె పాత బంగ్లాల ముందల నిలబడి "మా చెల్లె అయితె కిటికీ ఇట్ల పెట్టది" అంటుండె. గదీ సంగతి.

నా మాట విను. ఉత్తరాలు బంద్ పెట్టు, బొమ్మనే పంపు. నేను సూపిస్త. పేరు ఎత్తొద్దన్నది గని కండ్లు మూసుకుంట అనలే. ఒక మాట మాత్రం చెప్త. నువ్వు ఆరు నెలలు కూసొని ఒక్క కుర్చి చేస్తవు. మా టెంట్ హౌస్ ఉప్పలయ్య ట్రాలీ దింపిండంటె చాయ్ సల్లారెలోపు పెండ్లికి మొత్తం కుర్చీలు ఏస్తడు. మీ కంపెనీల నిన్ను ఎట్ల భరించిండ్రో.

మీ బావ
విఠల్

*

బరోడా
ఆగస్టు 1994

బావకు నమస్కారం.

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత చాలాసేపు పని చేయలేకపోయాను. అక్క అన్న మాటలో నాకు ఎదురు చెప్పడానికేమీ లేదు. అయినా చెప్పుకోవాలి. నీకు చెబితే ఆమె చెవిన పడుతుందని ఆశ.

హిమాయత్‌నగర్ ఆఫీసులో నేను పని చేసినప్పుడు, అశోక్‌నగర్‌లో ఒక పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టే పని వచ్చింది. పడగొట్టే ముందు కొలతలు తీసుకురమ్మని నన్ను పంపారు. ఇల్లు అప్పటికే ఖాళీ చేశారు. టేపు పట్టుకుని గది గదికీ తిరిగాను. ఒక గదిలో ఎర్ర గచ్చు మీద నాలుగు గుంటలు కనిపించాయి. మంచం కోళ్లు ఏళ్ల తరబడి ఒకే చోట ఉండి పడిన గుంటలు. గోడ వైపు ఉన్న రెండూ లోతుగా ఉన్నాయి. ఎవరో ఎప్పుడూ అటువైపే పడుకునేవారన్నమాట. నా ప్లానులో ఆ గది లిఫ్టు కిందికి పోయింది. గది కొలతలు రాశాను గాని ఆ గుంటలు రాయడానికి కాగితంలో చోటు లేదు.

అప్పటి నుంచి ఇళ్లు గీయాలంటే చెయ్యి ఆడలేదు. మనిషికి ఇంకా దగ్గరగా ఉండేదేదైనా చేయాలనిపించి అహ్మదాబాదు వెళ్లి కుర్చీలు నేర్చుకున్నాను. కానీ కంపెనీలో కూడా మనిషి ఒక చార్టులో గీతే. మోకాలి ఎత్తు, నడుము ఎత్తు. కూర్చునేవాళ్లను నేను ఎన్నడూ చూడలేదు. ఒకరోజు అమ్మకానికి పోయే కుర్చీ పక్కన, దాని నీడను పెన్సిలుతో గీసుకుంటూ కూర్చున్నాను. మేనేజరు వచ్చి కుర్చీ ఎప్పుడవుతుందని అడిగాడు. నాకు కుర్చీ గుర్తే లేదు.

ఇది అక్కకు ఎలా చెప్పాలి? ఆమె కట్టిన ఫీజులతో నేను నేర్చుకున్నది ఖాళీ గదిని చూడడం అని చెబితే కోపం ఇంకా పెరుగుతుంది.

ఒక బొమ్మను పైపులో చుట్టి పంపుతున్నాను. ఆ ఎర్ర గచ్చే. అక్క ఏమంటుందో ఉన్నదున్నట్టు రాయి. తిట్టినా సరే. బావా, ఈ ఒక్కదానిలో నీ వేషాలు వద్దు. ఆమె ఒప్పుకుంటే చాలు నాకు, ఇంకెవరు ఒప్పుకోకపోయినా.

స్నేహ

*

నారాయణగూడ (దుకాణంల కూసొని)
సెప్టెంబర్ 1994

స్నేహకు,

పైపు ముట్టింది. పోస్ట్‌మాన్ గల్లీ మొదట్ల సంది అరుసుకుంట వచ్చిండు, "విఠల్ సేట్, నీ లెట్రిన్ పైపు గుజరాత్‌కెల్లి వచ్చింది" అని. ఇజ్జత్ మొత్తం పోయింది. ఇప్పుడు గల్లీల కనపడ్డోళ్ళందరు ఫిట్టింగ్ అయిందా అని అడుగుతున్నరు. అయింది, ధార మంచిగొస్తున్నది అని చెప్తున్న.

మీ అక్క సూసింది.

ముందుగాల మొకం తిప్పుకున్నది. నేను మంచం మీద పరిచి బయటికి పోయినట్టు చేసి, తలుపు సందులకెల్లి సూసిన. దగ్గరికి పోయింది. వంగింది. శాన సేపు సూసింది. నేను లోపటికి రాంగనె చెప్పింది, "గీ మంచం జరిపి శాన రోజులు కాలె" అని. ఇంకోటి గూడ అన్నది, "ఎరుపు మంచిగనే పడ్డది గని తడి లేదు. గచ్చు తుడిసినంక కాలు పెడితె సల్లగ ఉంటది సూడు, గా సల్లదనం రాలె. ఉత్త రంగే ఉన్నది" అన్నది.

గంతే. మల్ల మిషన్ మీద కూసున్నది. నీ పేరు ఎత్తలే. నువ్వు గూడ గీ ముచ్చట ఆమెకు రాయకు. కోపం తీరుతున్నప్పుడు కదిలియ్యొద్దు, పాల మీద మీగడ కడుతున్నట్టు ఉంటది అది.

నిన్న లైబ్రరీ కాడ గ్రూప్స్‌కు చదివే పోరగాండ్లు మీటింగ్ పెట్టిండ్రు. కుర్చీలు మనయే. ఒకడు కుర్చీల కూసొని చదువుకుంట చదువుకుంట నిద్రవోయిండు. మీటింగ్ అయిపోయినా లేస్తలేడు. ఉప్పలయ్య అన్నడు, "అన్న, ఈనతో సహ ట్రాలీల ఏద్దామా?" ఏసేటోళ్ళమే, గని కిరాయి ఎవరు కట్టాలె.

విఠల్

*

బరోడా
డిసెంబరు 1994

బావా,

నీ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో. తడి లేదని అక్క చెప్పాక, నా దగ్గరున్న మిగతా గచ్చు బొమ్మల ముందు నిలబడితే వాటిలోనూ నిజంగానే లేదు. ఇక్కడ బొమ్మలు నేర్పే మా సారు ఆకారం గురించీ వెలుతురు గురించీ చెబుతూ వచ్చారు గాని ఈ సంగతి ఎవరూ పట్టుకోలేదు. మూడు నెలలుగా అదే పని. రంగు పలచగా పూసి, ఆరక ముందే గుడ్డతో తుడిచి, మళ్లీ పూసి. నిజానికి గచ్చు తుడవడమే. అక్క పొద్దున్నే గది వెనక మూల నుంచి గడప దాకా వెనక్కి జరుగుతూ తుడిచేది కదా, నేనూ కాన్వాసు మీద అలాగే పై నుంచి కిందికి తుడుస్తున్నాను. మొన్న మా సారు వచ్చి చెప్పులు విప్పి నిలబడ్డారు. ఎందుకు సార్ అంటే, "తొక్కుతానేమో అనిపించింది" అన్నారు. ఇది మా అక్క చెప్పిన మాట వల్ల వచ్చిందని చెప్పాను. ఎవరు మీ అక్క, ఆర్టిస్టా అని అడిగారు. జాకెట్లు కుడుతుందన్నాను.

ఇంకో బొమ్మ పంపుతున్నాను. ఖాళీ వరండా. అక్కతో ఒక్క ముక్క రాయించు బావా. సంతకం అయినా సరే.

స్నేహ

*

నారాయణగూడ
మార్చి 1995

స్నేహకు,

ఆలస్యం అయింది. పెండ్లిల్ల సీజన్. ఒక్క రోజు రెండు చోట్ల మన షామియానానే అడిగిండ్రు. ఒక పెండ్లిల సగం, ఇంకో పెండ్లిల సగం ఏసిన. రెండు దిక్కుల పిల్లగాని నాయినలు ఎండల కూసున్నరు.

వరండా బొమ్మ సూసినం. మీ అక్క ఈసారి తొందరగనే సూసింది. ఏమన్నదంటె, "కుర్చీలు లేపినంక నేల ఇట్లనే ఉంటది. పిలిస్తె పలికేటట్టు." ఇంకేం అనలే. నేను గూడ ఇంకేం అడగలే. నువ్వు గూడ గిన్నిసార్లు అడగకు. రోజు అడుగుతె దేవుడు గూడ పలుకడు.

రాయమంటె వేళ్ళు నొస్తున్నయన్నది. సూది పని కద. జర దగ్గు గూడ పట్టింది. నైట్ డ్యూటీ వాచ్‌మన్ లెక్క దగ్గుతున్నది, మన గల్లీల ఇగ దొంగల భయం లేదు. గాంధీనగర్ డాక్టర్ ఎక్స్‌రే తీయమన్నడు. తీసినం. అండ్ల మీ అక్క మస్తుగ పడ్డది, పెండ్లి ఫోటోలకన్న ఇదే నయం అన్న. నవ్వలే.

నువ్వు పని చేస్కో. పరేషాన్ గాకు.

విఠల్

*

బరోడా
జులై 1995

బావా,

ఒక మంచి మాట. బొంబాయిలో ఒక చిన్న గ్యాలరీవాళ్లు జనవరిలో నా బొమ్మలు పెడతామన్నారు. అన్నీ ఈ గచ్చులు, వరండాలు, గోడల మీద బీరువాలు తీసేసిన చోట మిగిలే మచ్చలు. పేరేం పెడదామని అడిగితే ఆలోచించకుండా అక్క మాటే చెప్పాను. "కుర్చీలు లేపినంక". తెలుగులోనే ఉంచుతామన్నారు, కింద అర్థం వేస్తారట. ఆహ్వానం కార్డు మీద ఆ వాక్యం మొత్తం అచ్చు వేసి, కింద 'మనోరమ, నా అక్క' అని పెట్టమన్నాను.

కార్డు అచ్చయ్యాక నేనే తీసుకుని వస్తాను. ఆమె చేతిలో పెడతాను. అప్పుడైనా మాట్లాడుతుంది కదా? నువ్వేమనుకుంటున్నావు? వేళ్ల నొప్పి తగ్గిందా? దగ్గు గురించి నువ్వు వేళాకోళంగా రాశావు, నాకేదో లోపల గుచ్చుకుంటోంది. ఉన్నదేమిటో రాయి.

స్నేహ

*

అశోక్‌నగర్
అక్టోబర్ 1995

స్నేహ,

ఈడ దవాఖానల ఉన్నం. మీ అక్కకు బాగ లేదు. నీ హాస్టల్ ఫోన్ కలుస్తలేదు. ఉప్పలయ్యతోని తంతి గూడ పంపుతున్న, ఏది ముందు అందుతె అది సూసి బయలుదేరు.

విఠల్

*

బరోడా
నవంబరు 1995

బావకు,

క్షేమంగా చేరాను. నువ్వు అన్నం తింటున్నావా? హైమవతమ్మ పంపిస్తానంది, వద్దనకు.

ఆ రోజు నేను ఆటో దిగేసరికి వాకిట్లో మన షామియానా వేసి ఉంది. మన ఇనుప కుర్చీలు. ఆ కుర్చీల్లో ఊళ్లో వాళ్ల చావులకు ఎంతమంది కూర్చోవడం చూశాను, మన ఇంటి ముందు చూస్తాననుకోలేదు. అక్క ముఖం మీద కోపం లేదు, ఏమీ లేదు. నాతో మాట్లాడుతుందని దారంతా అనుకుంటూ వచ్చాను. తంతిలో 'సీరియస్' అనే ఉంది.

ఒక సంగతి అడగాలి. దినాలు అయ్యేదాకా అడగలేకపోయాను. నీ ముఖం చూస్తూ అడగడం నా వల్ల కాలేదు.

వాకిలి దగ్గర ఎవరో పెద్దాయన "ఎప్పుడు లేపుతరు?" అని అడిగారు. శవాన్ని. శ్మశానం నుంచి మీరంతా తిరిగొచ్చాక ఉప్పలయ్య నీ దగ్గరికి వచ్చి "అన్న, కుర్చీలు లేపాల్నా" అన్నాడు. హైమవతమ్మ అతన్ని కసురుకుంది. "ఇంట్ల గా మాట అనకురా. తీయాల్నా అను." అప్పుడు నాకు చిన్నప్పటి దెబ్బ గుర్తొచ్చింది. ఒకసారి "అక్కా, మంచం లేపనా" అన్నందుకు అక్క నా మూతి మీద కొట్టింది. "లేపుడు పీనుగను. మంచం ఎత్తుతరు" అని. నీ దుకాణం మాట ఇంట్లో అనకూడదని నీకు కూడా ఎన్నిసార్లు చెప్పిందో. నువ్వు గడప దాటగానే మాట మార్చేవాడివి.

అలాంటి అక్క "కుర్చీలు లేపినంక" అంటుందా? నీ ఉత్తరంలో చదివినప్పుడు సంతోషంలో చెవికి తగలలేదు.

ఇంకొకటి. బొమ్మలెక్కడని అడిగితే సున్నం వేయించడానికి తీశామన్నావు. గోడలకు పాత సున్నమే ఉంది బావా. ఒక్క మేకు కూడా లేదు.

కార్డు ఇంకా అచ్చుకు వెళ్లలేదు. కింద ఆమె పేరు ఉంది. ఏడాదిగా నేను వేసిన ప్రతి బొమ్మ వెనుక ఆమె నిలబడి చూస్తోందనుకున్నాను. ఆమె ఒప్పుకుందనుకునే వేశాను. అవి అక్క మాటలేనా? ఒక్కసారి హాస్యం లేకుండా రాయి.

స్నేహ

*

చిక్కడపల్లి
డిసెంబర్ 1995

స్నేహకు,

హాస్యం లేకుంట రాయమన్నవు. నాకు అలవాటు లేదు. రెండు కాయితాలు చింపిన.

మీ అక్క నీ బొమ్మలు సూడలే.

మొదటి పైపు నేనే తెచ్చి ముందల పెట్టిన. మూత గూడ తీయలే. స్టూలు ఎక్కి సజ్జ మీద బియ్యం డ్రమ్ము ఎనుక పెట్టి, దిగి, మిషన్ మీద కూసున్నది. తలుపు సందుల కెల్లి సూసిన అని రాసింది నేను పుట్టిచ్చింది. ఆమె గుడికి పోయినప్పుడు పైపు దింపి దుకాణానికి తీస్కపోయిన. షామియానా గుడ్డ మీద పరిచి, అంచులు లేవకుంట నాలుగు కుర్చీలు పెట్టి సూసిన. రెండోది ఇంటికే తేలే. రెండు దుకాణంల బీరువాల ఉన్నయి, జాగ్రత్తగ.

తడి లేదన్న మాట నాది. నీకు అప్పుడే అనుమానం రావాలె. గచ్చు తుడిసేటోళ్ళకు సల్లదనం ఏం తెలుస్తది, నడుం నొప్పి తెలుస్తది. తడి ఆరక ముందు కాలు పెట్టి తిట్లు తినేది నేను. కాలుకు సల్లగ తాకేది నాకే. కుర్చీలు లేపినంక అన్నది గూడ నాదే. దుకాణంల కూసొని రాసిన, దుకాణం మాట పడ్డది. ఇంట్ల కూసొని రాస్తె ఆ మాట రాకపోవు, నువ్వు పట్టకపోదువు.

మొదటిసారి నువ్వు బాధపడొద్దని రాసిన. రెండోసారి అట్ల గాదు. మీ సారు చెప్పులు ఇప్పిండని రాసినవ్ సూడు, ఆ దినం దుకాణంల అందరికి ఇరానీ చాయ్ తెప్పిచ్చిన. ఎందుకని ఉప్పలయ్య అడిగితె చెప్పలే. నేను ఎనిమిదిల బడి ఇడిసిపెట్టినోన్ని. నా మాట ఒకరు గంత మనసుకు తీస్కొని పని చేసుడు ఎన్నడు సూడలే. ఆశ పుట్టింది. అది మీ అక్క పేరు మీద దొంగతనం అని తెలుసు.

వేళ్ళు నొస్తున్నయన్నది అబద్ధం. దవాఖానకు పోయే ముందు దినం దాంక కుట్టింది. రాయమని నేను అడిగిన, రాయనన్నది. దగ్గు నిజం. ఎక్స్‌రే నిజం. అండ్ల ఏమున్నదో డాక్టర్ అప్పుడే చెప్పిండు, నేను నీకు నవ్వులాటగ రాసిన. ఎందుకంటె ఆమె చెప్పొద్దన్నది. ఏమన్నదో ఉన్నదున్నట్టు రాస్తున్న: "దానికి చెప్పకు. చెప్తె వస్తది. వస్తె మాట్లాడాల్సొస్తది."

గంతే అన్నది. ఆ మాటను నేను అటు తిప్పి ఇటు తిప్పి సూసిన. అండ్ల నీ మీద ప్రేమ ఉన్నది అని రాద్దామనుకున్న. రాస్తె మల్ల పుట్టిచ్చినట్టే అయితది. నాకు తెల్వది స్నేహ. కోపమే గావచ్చు.

తంతి కొట్టేసరికి ఆమెకు తెలివి లేదు. నువ్వు ఒక దినం ముందొచ్చినా మాట్లాడేది కాదు. ఇది నీ మనసు కోసం చెప్తలేను, నిజమే.

కార్డు మీద కెల్లి ఆమె పేరు తీసెయ్యి. నా పేరు పెట్టకు. ఆ మాట ఉంచుతవో కొట్టేస్తవో నీ ఇష్టం. బొమ్మలు మాత్రం ఆపకు, వాటిల నా అబద్ధం లేదు, గుడ్డ పట్టి తుడిసింది నువ్వు.

ఇంకొకటి ఉన్నది. ఇది చెప్పాల్నా వద్దా అని శాన ఆలోచన చేసిన. అశోక్‌నగర్ దవాఖానల, తెలివి ఉన్నప్పుడు, శ్రీదివ్య అని ఒక నర్సు మంచిగ మాట్లాడుతుండె. "నీకు ఎవరున్నరమ్మా" అని అడిగింది. మీ అక్క చెప్పింది, "చెల్లె ఉన్నది. ఇండ్లు కడ్తది." మూడేండ్ల సంది నువ్వు ఒక్క ఇల్లు గీయలేదని ఆమెకు తెలుసు. అయినా చెప్పింది. ఎక్కడ కట్టిందమ్మా అని ఆ పిల్ల అడిగితె, కిటికీలకెల్లి ఎదురుంగ ఒక కొత్త అపార్ట్‌మెంట్ కనపడుతున్నది, ఎవరిదో ఏమో, దాన్ని ఏలు పెట్టి సూపిచ్చింది. "గదే. మా చెల్లె కట్టింది" అన్నది. ఆమె నోట్ల అబద్ధం నేను ఎన్నడు వినలే. గదొక్కటే విన్న.

నర్సు నా దిక్కు సూసింది. నేను అవునన్న.

అండ్ల నేను కల్పించింది గా అవును ఒక్కటే. మిగిలిందంత మీ అక్కది.

విఠల్